నొప్పిని జోకొట్టిన డోలీ తాత

బడి సెలవులకు ఇంకో మనిషితో కలిసి నన్ను కొండమీది మా ఇంటికి మోసుకొచ్చే డోలీ తాత, డోలీ కర్ర ఎత్తేముందు గంజాయి చిలుం పీల్చి, కాయలు కాసిన భుజాన్ని పసిపిల్లను జోకొట్టినట్టు తట్టేవాడు. "నొప్పిని పడుకోబెడతన్నాను గుంటా" అనేవాడు.

కొండమీది మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరైన మా నాన్న, "ఈ పొగ నీ ఊపిరితిత్తుల్ని తినేస్తోంది, మానెయ్" అన్నారు.

"మానేత్తే డోలీ నువ్వు మోత్తావేటి బాబూ?" అని నవ్వాడు.

అయినా ఒక నెల మానేశాడు. దగ్గు తగ్గింది కానీ, నొప్పికి భుజం మీద కర్ర నిలవలేదు. ఇంట్లో గంజికి గింజలు లేక మళ్లీ చిలుం పట్టాడు.

ఆ వర్షాకాలం కొండ ఘాటీ దారి ఎక్కుతూ దగ్గి నెత్తురు ఉమ్మాడు. నేను భయపడి డోలీ దిగి, నడిచి వస్తానన్నాను.

"నువ్వు నడిసెల్లిపోతే నానేటి తినాల? కూకో తల్లీ" అని చేతులు జోడించాడు.

మళ్లీ ఎక్కి కూర్చున్నాను. అప్పటికి నాకు పదిహేనేళ్లు. తేలికైన పిల్లను కాను.