తిరగని మెడతో ఆబిడ్స్ డ్యూటీ

జూన్ రెండో సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆబిడ్స్‌లో రిపోర్ట్ చేశాను. సన్నటి వాన. పాత భవనం, మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయదు. అరవై రెండు మెట్లు. పైన మెడ, భుజాల నొప్పులకు వైద్యం చేసే ఫిజియోథెరపీ క్లినిక్. అక్కడి గార్డు నాలుగు నెలల సెలవు మీద వెళితే, సెక్యూరిటీ ఏజెన్సీ నన్ను తెనాలి నుంచి రప్పించి అతని స్థానంలో వేసింది. నాకిచ్చిన సామాను: ఒక విజిల్, ఒక లాఠీ, టోకెన్ల డబ్బా, లోపలి గదితో మాట్లాడే ఇంటర్‌కమ్. పడక మేడ మీది రేకుల గదిలో. మధ్యలో సెలవు లేదు.

నేను సైన్యంలో పదిహేడేళ్లు రేడియో ఆపరేటర్‌గా చేసి, హవల్దారుగా దిగినవాణ్ణి. మంచు కొండల్లో సెట్టు ఎప్పుడూ ఎడమ భుజానికే వేలాడేది. మంచు నన్నేమీ చేయలేదు. తూటా తగల్లేదు. ఆ సెట్టు పట్టీ మాత్రం పని పూర్తిచేసింది. రిటైరై పదకొండేళ్లయినా ఎడమ భుజం నుంచి చెవి వెనక దాకా గునపం దింపినట్టుండేది. మెడ ఎడమకు తిరిగేది కాదు. అటు ఏమైనా చూడాలంటే మనిషిని మొత్తం తిప్పేవాణ్ణి. ఏజెన్సీ ఫారంలో ఆరోగ్య సమస్యలు అన్నచోట ‘లేవు’ అని రాసి సంతకం పెట్టాను. నిజం తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేవాళ్లు. ఇంట్లో ఖాళీగా కూర్చోవడమంటే నాకు భయం.

డాక్టరమ్మ రెండు ఆదేశాలిచ్చారు. టోకెన్ ప్రకారం లోపలికి పంపాలి. వైద్యం మధ్యలో ఎవరినీ బయటికి పోనివ్వకూడదు. ఆవిడ మెదక్ పాస్టరుగారి అమ్మాయి. ఎప్పుడూ గొంతు పెంచరు. ఆ లోటు క్లినిక్‌లో సాయానికుండే ఆయమ్మ తీర్చేది. రెండో ఆదేశం ఎందుకో మూడో రోజున తెలిసింది. ‘సూది’ అనే మాట వినపడగానే జనానికి ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చేవి.

రెండో వారం, గురువారం. ఎనిమిదో నంబర్ టోకెన్ గన్‌ఫౌండ్రీ సందులో కుట్టుపని చేసే ఒక టైలర్‌ది. నలభై ఏళ్లు మిషన్ మీద వంగి వంగి ఆయన భుజాలు రాయి కట్టాయి. ఆయమ్మ ఆయన కుడి భుజానికి ప్యాడ్లు అంటించి, అరచేతిలో పట్టే చిన్న కరెంటు మిషన్ తగిలించింది. అది నాలుగు సెకన్లకోసారి కండరాన్ని బిగించి వదులుతుంది. భుజం దానంతట అదే ఎగురుతుంది. ఇది కాగానే సూది అని డాక్టరమ్మ చెప్పి పక్క గదిలోకి వెళ్లారట. టైలర్ మిషన్‌ను జేబులో వేసుకుని, మీద చొక్కా తొడుక్కున్నాడు.

పదకొండూ ఇరవైకి ఇంటర్‌కమ్ మోగింది.

“ఎనిమిదో నంబర్ పోయిండు,” అంది ఆయమ్మ.

“ఎటు పోయాడు?”

“నీ ఎడమ పక్కకెల్లే.”

మెట్లు రెండేసి చొప్పున దిగాను. వాన వెలిసింది. ఫుట్‌పాత్ నిండా బురద, గొడుగులు. నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లాడని కింద పండ్లబండి అతను చెప్పాడు. అక్కడికి చేరేసరికి పదకొండూ ముప్పై ఐదు. టైలర్ రోడ్డుకు అవతల నిలబడి ఉన్నాడు. చుట్టూ మూడు ఆటోలు. ఆయన భుజం ఎగిరినప్పుడల్లా చెయ్యి కూడా లేస్తోంది. చెయ్యి లేచినప్పుడల్లా ఒక ఆటో ఆగుతోంది. ఎక్కడికీ రానని ఆయన బతిమాలుతున్నాడు. అంతలో మళ్లీ భుజం ఎగురుతోంది.

“పిలుస్తవ్, వద్దంటవ్. ఏందన్నా నీ కత?” అని ఒక డ్రైవర్ అడగడం నాకు ఇవతలికి వినిపించింది.

రోడ్డు దాటడం మొదలుపెట్టాను. డివైడర్ దాకా బండ్లు కుడి నుంచి వస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. అవతలి సగంలో ఎడమ నుంచి వస్తాయి. చూద్దామని మనిషినంతా తిప్పాను. ఆ తిప్పడంలో కాలు డివైడర్ దిగింది. సిటీ బస్సు మూరెడు దూరంలో కీచుమంటూ ఆగింది. నేను కొయ్యలా నిలబడిపోయాను. అప్పుడు టైలరే పరుగున వచ్చి, నా చెయ్యి పట్టుకుని అవతలికి దాటించాడు. నాలుగు సెకన్లకోసారి ఆయన ఎగురుతున్నాడు, ఆయనతోపాటు నేనూ.

“నీ మెడ తిరుగుతలేదు గదా, సాబ్,” అన్నాడు.

మిలిటరీ అలవాటు, అలాగే తిరుగుతాం అని చెప్పాను.

“నేను కొలతలు తీసేటోణ్ణి. నీ ఎడమ బుజం ఇంచున్నర పైకున్నది.”

పట్టుకురావడానికి వెళ్లిన నన్నే పట్టుకొచ్చి, టైలర్ డాక్టరమ్మ ముందు నిలబెట్టి బస్సు సంగతి చెప్పాడు. ఈయనకు గుచ్చితేనే నాకు గుచ్చండి అని షరతు పెట్టాడు. డాక్టరమ్మ నా వేళ్లు తిమ్మిరెక్కుతాయా అని అడిగారు. పిడికిలి బిగించమన్నారు. మోచేతి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. నరానికి దెబ్బేమీ లేదు, ఆపరేషన్‌తో పని లేదు, కండరాలే ముడులు పడ్డాయి అన్నారు. తర్వాత అదే మెల్లటి గొంతుతో అసలు మాట చెప్పారు.

“ఇయ్యాల రోడ్డు మీద మీ ప్రాణం పోయేది, హవల్దార్ గారూ. ఆరు వారాలు టైమిస్తున్న. ఎడమకు చూడగలిగితే ఉండండి. లేకుంటే ఏజెన్సీకి నేనే చెప్త.”

పక్కపక్క మంచాల మీద ఇద్దరం బోర్లా పడుకున్నాం. ఆవిడ బొటనవేలితో భుజం మీద ఒకచోట నొక్కితే నొప్పి కంటి వెనక మెరిసింది. సూది వెంట్రుకంత సన్నం, మందు ఉండదు. దిగగానే కండరం చేపలా ఒక్కసారి గిలగిలలాడింది. నేను హిందీలో ఒక మాటన్నాను. ఇక్కడ రాయను.

“నలబై ఏండ్లు సూది పట్టిన. నన్ను సూది పట్టుడు ఇదే మొదలు,” అన్నాడు టైలర్ దిండులోకి.

సూది వారానికోసారే. మిగతా రోజులు పావుగంట వేడి కాపడం, తర్వాత వ్యాయామం. గడ్డం వెనక్కి లాగి ఐదు లెక్కపెట్టాలి, పదిసార్లు. వీపు రెక్కలు దగ్గరికి తేవాలి, పదిసార్లు. గుమ్మం రెండు వైపులా పట్టుకుని ముందుకు వాలాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నేను కోఠిలో కొనుక్కున్న మెడపట్టీని, నా రెండు దిళ్లలో ఒకదాన్ని ఆయమ్మ స్వాధీనం చేసుకుంది. వైద్యం మొదలైన మూడో వారం నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఇక చేయనన్నాను. అట్లయితే నేనూ చేయనని టైలర్ చొక్కా తొడుక్కోబోయాడు. ఆయన్ని ఆపడం నా డ్యూటీ. అందుకని ఇద్దరం చేశాం.

ఐదో వారంలో ఒక ఉదయం కుర్చీలో కూర్చుని మెడ తిప్పితే, ఎడమ గోడ మీద బోర్డు కనపడింది. ‘చెప్పులు బయట విడువుము.’ పెద్ద ఎర్ర అక్షరాలు. ఆ మాటే నేను రోజుకు ముప్పై మందికి నోటితో చెబుతూ వచ్చాను. ఆరో వారం శనివారం డాక్టరమ్మ నా ఎడమ పక్క నిలబడి వేళ్లు చూపించారు. మూడన్నాను. ఇంకొంచెం వెనక్కి జరిగారు. నాలుగన్నాను. టైలర్ టేపు తీసి కొలిచి, ఇప్పుడు తేడా అరంగుళమే అని తీర్పు చెప్పాడు. ఏజెన్సీకి ఫోన్ వెళ్లలేదు.

అక్టోబరు రెండో వారంలో పాత గార్డు వచ్చాడు. విజిల్, లాఠీ, డబ్బా అప్పగించి నాంపల్లిలో రైలెక్కాను. మర్నాడు పొద్దున తెనాలిలో మా ఇంటి పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాను. ఎడమ పక్క నుంచి మా ఆవిడ పిలిచింది. మెడ తిప్పి చూశాను. తల మాత్రమే తిరిగింది.

ఆమె నీళ్ల బకెట్‌తో ఉన్నచోటే ఆగిపోయింది.

“ఇన్నేళ్లూ పిలిస్తే విసురుగా మనిషంతా తిరిగేవారు,” అంది. “మొహం చిట్లించుకుని. నా పిలుపంటేనే చిరాకేమో అనుకున్నానండీ. అందుకే పిలవడం తగ్గించాను.”

నొప్పి అని ఆమెకెప్పుడూ చెప్పలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు చెప్పాను. ఆమె బకెట్ దించి లోపలికి వెళ్లింది. రెండు నిమిషాలకు ఎడమ పక్క నుంచే మళ్లీ, “ఏవండీ,” అని వినపడింది. తిరిగి చూశాను. గుమ్మంలో నిలబడి ఉంది, తడి చెయ్యి తలుపుకు ఆనించి. ఏమిటన్నాను. ఏమీ లేదంది.