ఆచంట దారిలో నేను తుడిచేసిన గుహల పటం

ఈ ప్రయాణం ఒక ఫోటోతో మొదలైంది. ముద్రణ ఆగిపోయిన పాత ఆటల గురించి నేను రాసుకునే ఈ బ్లాగు చదివి, పెనుగొండ అవతల రొయ్యల చెరువులు చేసే నరసింహరాజు గారు తన దగ్గరున్న పెట్టె ఫోటో పంపారు. ఇందులో ఉండాల్సినవన్నీ ఉన్నాయో లేదో ఒకసారి చూసి చెబుతారా అండి అని అడిగారు. ఈ ఆటల సంగతి తెలియనివారికి రెండు ముక్కల్లో చెప్తాను. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయిపోయి గుహల్లోకో కోటల్లోకో వెళ్తారు. అక్కడ ఏం జరిగిందో రకరకాల ముఖాలున్న పాచికలు తేలుస్తాయి. ఎప్పుడో విదేశాల్లో అట్టపెట్టెల్లో వచ్చిన ఆ పుస్తకాలూ పటాలూ ఇప్పుడు దొరకవు. ఎక్కడైనా దొరికితే అంచులు, పిన్నులు, పాచికలు పరీక్షగా చూసి పదికి ఇన్ని అని మార్కులు వేయడం నా వ్యసనం. ఆయన అడిగింది చూసి చెప్పమని మాత్రమే. నేను మాత్రం అమ్మడానికే అడుగుతున్నారని అర్థం చేసుకున్నాను. ఆశ మనిషిని అలాగే చదివిస్తుంది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తణుకు వైపు వెళ్ళే బస్సెక్కాను. కడియం దగ్గర మొక్కల లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉండటంతో కాసేపు నిదానించాం. రావులపాలెం దాటి, గోదావరి వంతెన దాటి, సిద్ధాంతంలో దిగాను. వంద కాగితం ఇస్తే టిక్కెట్టు పోను చిల్లర వచ్చింది. అక్కడినుంచి పెనుగొండకు షేర్ ఆటోలో ముప్ఫై రూపాయలు. పెనుగొండలో గుడికి వచ్చినవాళ్ళతో హోటళ్ళన్నీ కిటకిటలాడుతున్నాయి, అయినా నిలబడే పెసరట్టు ఉప్మా తినండి, వదలొద్దు. రాజుగారి ఊరు ఆచంట వైపు లోపలికి ఉంది. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు, అందుకని రెండొందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. ఊరి పేరు రాయను. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఆటో నడిపే పెద్దాయన మాటకారి. రాజుగారింటికి అనగానే, ఆదివారం కదా, ఆటకొచ్చారా అండి అని అడిగాడు. ఈ జిల్లాలో ఆట అంటే నాకు పేకాటే గుర్తొచ్చింది. నాకు ఆ అలవాటు లేదని కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, పేకాట కాదండి బాబూ, ఇదేదో పాచికలాట, టీచర్ గారు కూడా వస్తారు, అన్నాడు. నేను ఫోన్‌లో పాత వేలంపాటల ధరలు చూసుకుంటూ ఊఁ కొట్టాను. చెవిన పడ్డ మాట బుర్రకెక్కి ఉంటే ఈ రాత రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

రాజుగారి ఇల్లు చెరువుల గట్టుకు ఆనుకుని ఉంది. నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతూ నురగ లేపుతుంటే, వాటి హోరులో మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. రాజుగారికి యాభై దాటి ఉంటాయి. కుర్రతనంలో ఓడల్లో ఇంజనీరుగా చేశారట, సింగపూర్‌లో ఓడ ఆగినప్పుడు ఒక కొట్లో ఈ పెట్టె కొన్నారట. ఒక ప్లాస్టిక్ డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాల మధ్య దాన్ని దాచారు. తెరవగానే ముందు పిన్నులు చూశాను. మన ఉప్పుగాలికి పుస్తకాల పిన్నులు తుప్పు పట్టకుండా ఉండవు. ఇవి మెరుస్తున్నాయి. పెట్టె మూలలు విడలేదు. పాచికల మీద అంకెల గాడిలో రుద్దిన రంగు మైనం కూడా పోలేదు. లోపలి పుస్తకాల్లో ఒకటి మాత్రం లేదు. ఆ మాట చెప్పగానే ఆయన ఆత్రంగా, అది ఎక్కడ దొరుకుతుందండి, ఎంతైనా పర్లేదు అన్నారు. అమ్మేవాడికి లేని పుస్తకం ఎందుకు అని ఒక్క క్షణం అనుకున్నాను. పెట్టె నిండుగా ఉంటే ధర పెరుగుతుందని కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తెలివితేటలు ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

భోజనం గురించి చెప్పకపోతే పాపం. రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు, పెరుగులోకి ఆవకాయ. వద్దంటున్నా వడ్డిస్తూనే ఉన్నారు, రాజుల ఇంట్లో వద్దు అనే మాటకు విలువ లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ పెట్టె ముందు కూర్చున్నానో లేదో కరెంటు పోయింది. ఏరేటర్ల హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. రొయ్యల చెరువు ఉన్న ఇంట్లో ఆ నిశ్శబ్దం వింటే అన్నం తింటున్నవాడు కూడా లేచి పరుగెత్తుతాడు, గాలి అందకపోతే పంటంతా తేలిపోతుంది. జనరేటర్ చూసే మనిషి ఆ రోజు రాలేదట. రాజుగారు లుంగీ ఎగ్గట్టి పరుగు, వెనకాలే ఆయన భార్య, పనివాళ్ళు. వెళ్తూ వెళ్తూ, మీరు కూర్చోండి, మూడింటికల్లా మావాళ్ళు వచ్చేస్తారు అని కేకేశారు. ఆ గదిలో పెట్టె, నేను మిగిలాం.

ఇక్కడినుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. పెట్టెతోపాటు వచ్చే గళ్ళ కాగితం ఒకటుంది, పుస్తకాల అడుగున ఉండటంతో పొద్దున్న మేమిద్దరం దాన్ని బయటికి తీయలేదు. ఆడేవాళ్ళు గుహలో ముందుకు వెళ్ళేకొద్దీ దారులు గీసుకోవడానికి. ఖాళీగా ఉన్న ఆ కాగితం నేను ఇంతవరకు రెండుచోట్లే చూశాను. ఈ పెట్టెలో దాన్నిండా పెన్సిలుతో గదులు, మెట్లు, వాగులు. మధ్యమధ్య తెలుగులో చిన్న చిన్న మాటలు. ఇక్కడ నీళ్ళు. ఈ తలుపు నమ్మకూడదు. సత్తిబాబు ఇక్కడ రెండోసారి పోయాడు. చదివి నవ్వుకున్నాను కూడా. మాలాంటి సేకరణదారుల లోకంలో పెన్సిలు గీత ఒక్కటే క్షమించదగ్గ తప్పు, ఎందుకంటే అది పోతుంది. దానికోసమని నా సంచిలో ఎప్పుడూ మెత్తటి రబ్బరు, చిన్న బ్రష్ ఉంటాయి. గీతలతో పెట్టెకు ఎనిమిది మార్కులు, గీతలు పోతే తొమ్మిది. అడగాలని తోచలేదు. నిజం చెప్పాలంటే అప్పటికే నా మనసులో ఆ పెట్టె నాదైపోయింది. తగుదునమ్మా అని ఒక మూలనుంచి మొదలుపెట్టి, కాగితం నలగకుండా, పీచు లేవకుండా, ఓపిగ్గా మొత్తం తుడిచేశాను. పొట్టు కూడా బ్రష్‌తో ఎత్తి కిటికీలోంచి పారేశాను. కిటికీ దగ్గర పట్టుకుని చూసి మురిసిపోయాను.

మూడు దాటాక కారు వచ్చింది. దిగినవాళ్ళు ఇద్దరు. కడియంలో నర్సరీ ఉన్న సత్తిబాబు గారు, దారిలో పెనుగొండలో ఆయన ఎక్కించుకొచ్చిన వరలక్ష్మి టీచర్ గారు. టీచర్ గారికి డెబ్భై పైనే, లెక్కలు చెప్పి రిటైరయ్యారు, రాజుగారికి హైస్కూల్లో పాఠం చెప్పింది ఆవిడే. అప్పటికి జనరేటర్ మొదలై, రాజుగారు మొహం తుడుచుకుంటూ లోపలికొచ్చారు. టీచర్ గారు చేతిసంచిలోంచి కళ్ళజోడు, బాగా చెక్కిన పెన్సిలు తీసి బల్లమీద పెట్టుకున్నారు. ఆ పెన్సిలు చూడగానే నాకు సంగతి అర్థమైంది. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం వీళ్ళు ఈ ఆట ఆడుతున్నారు. ఆ గీతలు ఎవరో ఎప్పుడో గీసినవి కావు, పోయిన ఆదివారం వరకూ ఆవిడ గీస్తూ వచ్చినవి.

ఆవిడ కాగితం తీశారు. తిప్పి చూశారు. పెట్టెలో వెతికారు, పుస్తకాల మధ్య వెతికారు, తన సంచి బోర్లించారు. మళ్ళీ ఆ తెల్లకాగితమే చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు ఆవిడ మొహంలోకి వచ్చింది కోపమైతే నేను అక్కడే చెప్పేసేవాణ్ణేమో. వచ్చింది భయం.

"నేనే తుడిచేశానా రాజూ?" అన్నారు.

రాజుగారు, సత్తిబాబు గారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుకు అర్థం తర్వాత తెలిసింది. ఈమధ్య ఆవిడ పాలవాడికి రెండుసార్లు డబ్బులిచ్చారట, ఒకరోజు గ్యాస్ పొయ్యి ఆర్పడం మరిచారట. పిల్లలు డాక్టరుకు చూపిద్దామంటుంటే, నా బుర్రకేం కాలేదు, ఆ గుహ మ్యాప్ అంతా నా తలలోనే ఉంది అని దబాయిస్తున్నారట. పోయినవారం వెళ్ళేముందు నేనే ఇక్కడ ఒక్కదాన్నే కూర్చుని సర్దాను కదా, అప్పుడే చేసుంటాను అని ఆవిడ నెమ్మదిగా అనడం మొదలుపెట్టారు. రాజుగారు పక్కన కూర్చుని, పర్లేదు టీచర్ గారూ, మళ్ళీ గీసుకుందాం అన్నారు. ఎంత మెత్తగా అన్నారంటే, ఆవిడే చేశారని ఆయన నమ్మేసినట్టు అందరికీ తెలిసిపోయింది. ఆవిడకీ తెలిసింది.

నేనేం చేశాను? లేచి, బస్సుకు టైమవుతోంది వెళ్ళొస్తానన్నాను. అవును, అదే చేశాను. కాళ్ళు చక్కగానే నడిచాయి. సంచి భుజాన వేసుకుని వరండాలోకి వచ్చి చెప్పులు వేసుకుంటున్నాను. రెండో చెప్పు పట్టీ పెట్టుకుంటుండగా టీచర్ గారు వెనకాలే వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"ఒక్క మాట అడుగుతానండి. పొద్దున్న మీరు పెట్టె అంతా చూశారట కదా. అప్పుడు కాగితం మీద గీతలు ఉన్నాయా, లేవా? దాచకుండా చెప్పండి, నేను తట్టుకుంటాను."

సాక్ష్యం అడగడానికి ఆవిడకు నేనే దొరికాను. లేవండి అని ఒక్క మాట అంటే చాలు, నేను బయటపడిపోతాను, ఆవిడ తన బుర్ర పోయిందని ఖాయం చేసుకుంటారు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇది రాయకుండా ఉంటే ఈ వ్యాసం రాయడమే అబద్ధం.

"ఉన్నాయండి. నేనే తుడిచాను," అన్నాను.

ఆవిడ అరుగు మీద కూలబడ్డారు. తిడతారనుకున్నాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, అమ్మయ్య, అమ్మయ్య అని పదిసార్లన్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత లోపలికి వినపడేట్టు, ఒరేయ్ రాజూ, నేను కాదురా అన్నారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ చేతుల్లో చేతులుంటే తల తీసేసినట్టయింది.

మళ్ళీ లోపలికి వెళ్ళాక సత్తిబాబు గారు ఊరుకోలేదు. "ఎవరు తుడవమన్నారండి మిమ్మల్ని?" అని నిలదీశారు. మార్కులు పెరుగుతాయని తుడిచానన్నాను. ఎవరికి అన్నారు. రాజుగారు మాత్రం టీ తాగి వెళ్ళండి అన్నారు. ఇంతలో టీచర్ గారు పెన్సిలు అందుకుని అదే కాగితం మీద మొదటి గది గీయడం మొదలుపెట్టారు. జిరాక్సు తీసి దానిమీద గీసుకోవచ్చు కదండీ అని అలవాటుకొద్దీ నోరు జారాను. పెట్టెలో పెట్టిందే గీసుకోమని కదండీ అన్నారు తలెత్తకుండా. అసలు పటం రాజుగారి పుస్తకంలో ఉంది, కథ నడిపేవారు తప్ప ఇంకెవరూ దాన్ని చూడకూడదు, ఆట అదే. ఆవిడ గీస్తుంటే రాజుగారు పుస్తకం ఒళ్ళో చాటుగా పెట్టుకుని ఒక్కో గది సరిచూసుకుంటున్నారు. ఒకచోట ఆయన తలెత్తబోయేలోపే, కాదు కాదు, ఇక్కడ తలుపు లేదు అని ఆవిడే దిద్దుకున్నారు. వాగు వచ్చింది, మెట్లు వచ్చాయి, సత్తిబాబు గారు పోయిన చోట్లన్నీ వరసగా వచ్చాయి. చివరి గది గీసేసరికి రాజుగారు పుస్తకం మూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. అప్పటిదాకా గుర్రుగా ఉన్న సత్తిబాబు గారు కూడా ముక్కు చీదుకున్నారు.

సాయంత్రం బయల్దేరుతుంటే రాజుగారి పనివాళ్ళలో ఒకతను పెనుగొండదాకా బండి మీద దింపుతానన్నాడు. టీచర్ గారు గేటుదాకా వచ్చి, మీరు మంచివారండి, ఇంకొకరైతే చెప్పకుండా వెళ్ళిపోయేవారు అన్నారు. నేను వెళ్ళిపోతూనే ఉన్నానని, ఆవిడ అడక్కపోతే సిద్ధాంతంలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చునేవాణ్ణని, అడిగాక కూడా ఒక్క క్షణం అబద్ధానికే మొగ్గానని చెప్పాల్సింది. చెప్పలేదు. చేతులు జోడించి బండెక్కాను. మా ఇంట్లో ఇలాంటి పెట్టెలు గోడ నిండా ఉన్నాయి, అన్నిటికీ తొమ్మిదికి తగ్గకుండా మార్కులు వేసుకున్నాను, ఒక్కటీ నేను ఆడలేదు. వాటిలో ఎన్నిటి మీద ఎవరి ఆదివారాలు ఉండేవో, నా రబ్బరు పొట్టుతో పాటు ఎన్ని కిటికీల్లోంచి పోయాయో ఇప్పుడు ఎవరినడగాలి? ఆవిడ ఇప్పటికీ నన్ను మంచివాణ్ణనే అనుకుంటున్నారు. ఇది చదివితే నిజం తెలుస్తుంది. తెలియాలి.

మీలో ఎవరైనా పాత ఆటల కోసం ఇటువైపు వస్తే ఒక్క సలహా. రబ్బరు ఇంట్లో పెట్టి రండి. ఊరి పేరు రాయనిది కూడా నాలాంటివాడు ఇంకొకడు రబ్బరుతో ఆ బల్లదాకా వెళ్ళకూడదనే. పెట్టె మూత తీసేముందు, ఇది ఎంతకిస్తారు అని కాదు, ఇది ఇంకా ఆడుతున్నారా అండి అని అడగండి.