ఓబుళమ్మ విన్న కథ

2022 వేసవి. అనంతపురంలో కాలేజీల వైపు వెళ్ళే రోడ్డు మీద నా డీటీపీ షాపు. డీటీపీ అంటే చేతిరాత ప్రతిని కంప్యూటర్లో టైపు చేసి, పేజీలు కట్టి, అచ్చుకు సిద్ధం చేసే పని. పెళ్ళి పత్రికలు, కోర్టు కాగితాలు, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు నాకు తిండి పెడతాయి. కథలు రాసేవాళ్ళు అప్పుడప్పుడు వస్తారు. వాళ్ళ పని ఒక పట్టాన తెమలదు, కానీ నాకు ఇష్టమైన పని అదే.

ఒక మధ్యాహ్నం రామాంజనేయులు గారు భార్య భుజం పట్టుకుని షాపు మెట్లెక్కి వచ్చారు. ఆయనది ధర్మవరం. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. డ్యూటీ లేని రోజుల్లో కథలు రాసేవారు. వాటిని కొన్నేళ్ళ క్రితం టైపు చేసింది నేనే. చక్కెర జబ్బుతో ఆయన చూపు పోయిందని నాకు ఆ రోజే తెలిసింది. భార్య ఓబుళమ్మ గారు ఇంట్లో మగ్గం మీద పట్టుచీరలు నేస్తారు. ఆమెకు చదవడం రాదు.

"పుస్తకం ఏద్దామనుకుంటాండా పాపా. అచ్చుకు పోకముందు కతలన్నీ ఒకసారి దిద్దుకోవల్ల. ఫోను చదివి వినిపిస్తాదంట గదా, అది పెట్టియ్యి" అన్నారాయన.

అక్షరాలను పైకి చదివే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఒకటి ఆయన ఫోన్లో వేసి, పాత ఫైలు తెరిచాను. ఫోను ఇంగ్లీషు అక్షరాలనూ కామాలనూ చుక్కలనూ వరసగా చదువుకుంటూ పోయింది.

"ఇది నేను రాసింది కాదే" అన్నారు ఆయన మెల్లగా.

తప్పు ఫోనుది కాదు. అప్పట్లో మేము వాడిన ఫాంట్లలో కంటికి తెలుగే కనబడేది గానీ, కంప్యూటర్ లోపల దాచుకున్నవి ఇంగ్లీషు అక్షరాలు. ఇప్పటి యూనికోడ్‌లో అలా కాదు. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత గుర్తు ఉంటుంది, ఏ ఫోనైనా దాన్ని తెలుగుగానే పోల్చుకుంటుంది. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. భాష మీద ఇష్టంతో ఎవరెవరో తయారుచేసి, డబ్బు అడగకుండా అందరికీ వదిలేసినవి. పాతది ఒక గడిలో అతికిస్తే పక్క గడిలో కొత్తది వస్తుంది. కాకపోతే ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి, కూర్చుని దిద్దాలి. అనుమానం వచ్చిన మాటలకు ఉచిత నిఘంటువుల సైటు ఒకటి ఎప్పుడూ తెరిచి పెట్టుకుంటాను.

ఆ పని అయ్యాక కబురు చేస్తే ఇద్దరూ వచ్చారు. ముందుగా తనకు పేరు తెచ్చిన కథ పెట్టమన్నారాయన. అది ఒక మాసపత్రికలో అచ్చయింది. పుస్తకానికి కూడా ఆ కథ పేరే పెట్టాలనుకున్నారు. కథలో, ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన చెల్లెలు చంటిబిడ్డతో పుట్టింటికి తిరిగి వస్తుంది. మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చిన అక్క ఆమె ముఖం మీదే తలుపు వేస్తుంది.

ఫోను ఎత్తుపల్లాలు లేని గొంతుతో చదువుతోంది. రామాంజనేయులు గారు తల పంకిస్తూ వింటున్నారు. ఇన్నాళ్ళకు తన కథ తనకు చేరిన సంతోషం ఆయన ముఖంలో కనిపించింది. జెరాక్సు మిషను పక్క బెంచీ మీద కూర్చున్న ఓబుళమ్మ గారు మాత్రం ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"ఇది మా చెల్లెలు నాగమ్మ కత" అన్నారు.

"కత గదనే. పేర్లు మార్చినా" అన్నారాయన.

"పేరు మారిస్తే తెలిసినోళ్ళకు తెలీదా? నేను యాడ తలుపేసినా?"

నేను ఫోను ఆపాను. ఆమె నా వైపు తిరిగి, "ఇది అచ్చయి ఎన్నేండ్లయింది పాపా?" అని అడిగారు.

"ఐదారేళ్ళయి ఉంటుందమ్మా."

"మా చెల్లెలు నాతో మాట్లాడేది మానేసి గూడా అంతే అయితాది. గుత్తిలో ఉండాది. దాని బిడ్డ సదువుకున్నాది. సదివి చెప్పింటాది. నేనే అట్ల చెప్పినాననుకునింటాది." ఆమె గొంతు పెరగలేదు. "ఏం తప్పు చేసినానా అని ఇన్నేండ్లూ నాకు నేనే అనుకుంటాండా."

మిగతా కథ వినకుండానే ఇద్దరూ వెళ్ళిపోయారు. పుస్తకం ఇక రాదనుకున్నాను.

కొన్నాళ్ళకు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఈసారి ముందు మాట్లాడింది ఓబుళమ్మ గారు. "మాట్లాడితే అక్షరాలు పడేది ఉండాదంట గదా పాపా. నేను చెప్తా, రాయించు."

అది వాయిస్ టైపింగ్. నోటితో చెబితే తెరమీద అక్షరాలు పడే ఉచిత సదుపాయం. మైకు ఆమె ముందు పెట్టాను.

"నా పెండ్లికి ముందు మాట ఇది. తలుపేసింది మా నాయన. నేను మగ్గం కాన్నుంచి లేచి ఎనక తట్టు పోయినా. నా పెట్టెలో ఉండే ఎర్రచీర తీసి బిడ్డకు చుట్టినా. బస్టాండు దాకా దాని జతలో నడిచిపోయి, గుత్తి బస్సు ఎక్కిచ్చినా. ఇంటికొచ్చినాక మా నాయన నాతో శానా దినాలు మాట్లాడలే."

"నాకెందుకు చెప్పలేదే?" అన్నారు రామాంజనేయులు గారు.

"నువ్వడిగితే గదా. బస్సెక్కినోళ్ళందరినీ యాడికి, యాడికి అని అడుగుతాంటివి. ఇంట్లో నన్ను ఒక దినమన్నా అడిగినావా? బయటోళ్ళు చెప్పింది రాసుకుంటివి."

ఆయన, "ఆ కతకే గదా నాకు పేరొచ్చింది" అన్నారు.

"పేరు నీకొచ్చింది. మాట నాకు పడింది."

ఆయన తడుముకుంటూ బల్ల అంచు పట్టుకున్నారు. "పాపా, పాతది తీసెయ్యి. ఇది పెట్టు" అన్నారు.

వాయిస్ టైపింగుకు ఆమె మాట సగమే పట్టుబడింది. 'శానా' అంటే 'సేన' అని, 'కాన్నుంచి' అంటే ఇంకేదో వేసింది. ఆమె గొంతు విడిగా రికార్డు చేసుకుని నేను చేత్తో దిద్దాను. పుస్తకాల భాషలోకి మార్చనా అని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "ఆయమ్మి చెప్పింది చెప్పినట్టే ఉండనియ్యి" అన్నారు.

పని పూర్తయ్యాక ఓబుళమ్మ గారు, దాన్ని చెల్లెలి కూతురికి పంపమన్నారు. యూనికోడ్‌లో ఉంది కాబట్టి మామూలు మెసేజ్‌గానే వెళ్ళిపోయింది. జవాబు రాలేదు. నేను రెండు మూడుసార్లు చూసుకుని ఊరుకున్నాను.

వానలు మొదలయ్యే ముందు ఓబుళమ్మ గారి నుంచి ఫోను వచ్చింది.

"నాగమ్మ ఫోన్ చేసినాది పాపా. ఆ చీర ఎర్రది కాదంట, పచ్చదంట. ఇంగా దాని పెట్టెలో ఉండాదంట. అది మార్చు."

"ఇంకేమన్నారమ్మా?"

"ఏమంటాది. వచ్చే నెల్లో వస్తాదంట."

ఫైలు తెరిచి 'ఎర్ర' తీసి 'పచ్చ' అని వేశాను. పుస్తకం ఆ ఏడాది చివర్లో అచ్చయింది.

అంతకుముందు నాకు నా పని అంటే అక్షరాలు సరిగ్గా పడ్డాయా, పేజీలు కుదిరాయా అన్నంత వరకే. ఇప్పుడు ఎవరు ప్రతి తెచ్చినా ఉచిత కన్వర్టర్ల గురించీ నిఘంటువుల గురించీ చదివి వినిపించే యాప్ గురించీ చెబుతాను, ఫోన్లో వేసి ఇస్తాను. తర్వాత ఒక మాట అడుగుతాను: ఇందులో ఉన్న మనుషులకు ఇది వినిపించారా అని. కొందరు నవ్వేస్తారు. కొందరు కాసేపు కూర్చుని, ఇంకొన్నాళ్ళాగి వస్తామని ప్రతి తీసుకుని వెళ్ళిపోతారు. వెళ్ళినవాళ్ళను నేను తొందరపెట్టను.