టేపు కింద వేలు

రగ్బీ కోచ్ ఈల మరిచిపోయి మైదానానికి వచ్చిన రోజులున్నాయి గానీ, టేపు మరిచిన రోజు లేదు. దర్జీలు మెడలో వేసుకునే పసుపు టేపే. అంకెలు సగం అరిగిపోయాయి. పిల్లల చేత అరగంట మెడ కసరత్తులు చేయించి, వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి మెడా కొలుస్తాడు. పద్నాలుగు అంగుళాలు లేనివాణ్ణి స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ తలలు దూర్చి నెట్టుకునే చోట, ముందు వరసకు పంపడు. వెనకవాళ్ల బరువంతా అక్కడి మెడల మీదే పడుతుంది. "గాలి పీల్చి ఉబ్బించకురా, నా దగ్గరా నీ వేషాలు?" అని కసురుతాడు. తండ్రులు వచ్చి బతిమాలినా వినడు. మొండిఘటం అంటారు. అననీ. ఒక్కసారి మాత్రం విన్నాడు. నిరుడు ఫైనల్ రోజున, జట్టంతా బక్కోడని పిలిచే కుర్రాడి మెడ అరంగుళం తక్కువైంది. "ఈ ఒక్క మ్యాచ్ సార్, మీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు వాడు. ముందు వరసకు వేరే దిక్కు లేదు. అందరూ చూస్తుండగానే కోచ్ టేపు కింద చూపుడువేలు దూర్చి కొలిచి, "సరిపోయింది, పో" అన్నాడు. పది నిమిషాలకు స్క్రమ్ కూలింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం వాళ్లమ్మ బక్కోడి చక్రాల కుర్చీని మైదానం గీత పక్కన ఆపుతుంది. కొలతలు అయ్యేదాకా వాడు చూపు తిప్పడు. మొన్న, "నాకూ కొలవండి సార్" అన్నాడు. కోచ్ మోకాళ్ల మీద కూర్చుని టేపు చుట్టాడు. మెడ చిక్కి పిడికెడైంది. వాళ్లమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. టేపు కిందికి మళ్లీ ఆ వేలే పోయింది.

"పెరిగిందిరా. అరంగుళం."

"వేలు తీసి చెప్పండి సార్" అన్నాడు వాడు, మెల్లగా.