సోఫాక్కకు సీటు దొరకని రోజు

అక్క పోయి ఏడాది కావస్తోంది. నిద్రలోనే గుండె ఆగింది. అయినా ఆమె తలపుకొచ్చినప్పుడల్లా నాకు కనిపించేది బస్సే.

అక్కకు బస్సులో సీటు దొరకకపోవడమంటూ ఉండేది కాదు. ఎక్కగానే ఎవరో ఒకరు లేచి, "జాగ్రత్తమ్మా, కూర్చోండి" అనేవారు. పక్కావిడ "ఎన్నో నెల?" అని అడిగేది.

"నూట ఇరవయ్యో నెలండీ. కవలలు. ఇద్దరూ బడికెళ్ళారు" అనేది అక్క.

అందరినీ నవ్వించి దిగేది. ఇంటికొచ్చాక మాత్రం అద్దం ముందు నుంచి కదిలేది కాదు.

సోఫాలు బాగుచేయడం ఆమె పని. వీధికంతా సోఫాక్క. మేకులు పెదాల మధ్య పట్టుకుని, ఒక చేత్తో రెక్సిన్ లాగుతూ మరో చేత్తో సుత్తి ఆడించేది. కవలలు పుట్టాక పొట్ట జారిపోయింది. వ్యాయామాలు చేస్తే ఒళ్ళంతా తగ్గింది గానీ పొట్ట తగ్గలేదు. వంగితే నడుము పట్టేసేది. మడత కింద చర్మం ఒరుసుకుని మండేది.

జారిన పొట్టను బిగించే టమ్మీ టక్ అనే ఆపరేషన్ ఉందన్న కబురు మోసుకొచ్చింది అన్నయ్య భార్య, మా వదిన. ఇద్దరికీ కాలు నేల మీద నిలవలేదు.

"ఒకే రోజు చేయించుకుందాం వదినా, పక్కపక్క మంచాలు" అంది ఆవిడ అక్కతో. తమాషా చూడ్డానికి నేనూ వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ ముందు వదినను చూసింది. "ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదండీ. ముందు బరువు తగ్గాలి, తగ్గింది కొన్నాళ్ళు నిలవాలి. ఇంకా పిల్లలు కావాలా?"

"ఒకడున్నాడు. ఇంకొకరిని అనుకుంటున్నాం."

"అయితే ఆగండి. బిగించి కుట్టిందంతా మళ్ళీ సాగిపోతుంది."

వదిన ముఖం మాడిపోయింది. ఇక అక్క వంతు. పడుకోబెట్టి తల కాస్త ఎత్తమంది డాక్టరమ్మ. పొట్ట మధ్యలో గట్టులా లేచింది. నొక్కి చూస్తే వేళ్ళు లోపలికి దిగాయి.

"కండరాలు రెండు వైపులకీ విడిపోయాయి. వ్యాయామంతో కొందరికి దగ్గరవుతాయి, మీకు కాలేదు. సాగిన చర్మం ఎలాగూ వెనక్కి పోదు."

"అంటే పాత సోఫాకి లాగా లోపలి పట్టీలు సడలాయన్నమాట" అంది అక్క పడుకునే.

డాక్టరమ్మ నవ్వింది. "పట్టీలు బిగిస్తాం, మిగిలిన గుడ్డ కత్తిరిస్తాం. కానీ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ ఉండిపోతుంది. రక్తం గడ్డకట్టొచ్చు, చీము పట్టొచ్చు. చాలా వారాలు బరువులెత్తకూడదు. సిగరెట్ అలవాటుందా? ఉంటే గాయం మానదు."

"దూది దుమ్ము తప్ప వేరే పొగ ఎరగనండీ."

"ఇంకా పిల్లలు?"

"ఉన్నవాళ్ళని ఒక్క పూట మీ దగ్గర వదిలితే ఆ మాట అడగరు."

"బరువు నిలకడగానే ఉంది. రక్తపరీక్షలు బాగుంటే మీకు ఇది సరిపోతుంది."

అక్క నా చెయ్యి పట్టుకుంది. సుత్తి పట్టే చెయ్యి కదా, నా వేళ్ళు నలిగిపోయాయి. దారిపొడవునా ఒకటే మాట: "విన్నావుటే, సరిపోతుందట."

"పోన్లే వదినా, ఇక బస్సులో ఆ సీటు నాది" అంది వదిన.

ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు కొక్కెంలా వంగి నడిచింది. పక్కన గాయం నీరు తీసే గొట్టం, చుట్టూ బిగుతు బెల్టు. "నవ్వించకండే, కుట్లు లాగుతున్నాయి" అని దిండు పొట్టకు అదుముకుని, మమ్మల్ని నవ్వించేది తానే. నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులూ ఉన్నాయి. మెల్లగా నిటారుగా నిలబడింది.

మరుసటి ఏడు ముగ్గురం బస్సెక్కాం. ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. అక్క అలవాటు కొద్దీ అటు అడుగేసింది. వాడు ఆమెను దాటి వదినను పిలిచి కూర్చోబెట్టాడు. అక్క ముఖం వెలిగిపోయింది. పైకడ్డీ పట్టుకుని, ఖాళీ అయిన సీట్లు కూడా వద్దని, దిగేదాకా నిలబడే ఉంది.

పక్కావిడ వదినను "ఎన్నో నెల?" అని అడిగింది.

జవాబు పైనుంచి, కడ్డీ పట్టుకున్న అక్క దగ్గర్నుంచి వచ్చింది. "ఆవిడకి నిజంగానే ఐదో నెలండీ. నాకు అయిపోయింది."