రెండు నిమిషాల ట్రయల్

కోరుట్లలో ప్రభాకర్ రావు "రెండు నిమిషాల్ల ట్రయల్ కొట్టొస్త" అని గడప దాటాడంటే, రుక్మిణి ఆయన వాటా అన్నం తీసి మూతపెట్టేస్తుంది. ఆ రెండు నిమిషాలు ఒక్కోసారి మధ్యాహ్నం దాకా సాగుతాయి, ఒక్కోసారి దీపాలు పెట్టే వేళ దాకా. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన సంగతులన్నీ ఆమెకు అర్థమయ్యాయి గానీ, ఈ ట్రయల్ ఒక్కటే అంతుపట్టలేదు.

కరెంటు ఆఫీసులో రిటైరైన నాటి నుంచి ఆయన తన ఇంటి వరండాలో కరెంటు సైకిళ్లు బాగుచేస్తున్నాడు. చార్జింగు ఎక్కకపోయినా, బ్రేకు పట్టకపోయినా, వానకు తడిసి మోటారు మొరాయించినా అందరూ అక్కడికే వస్తారు. ఆయన ముందు మీటరు పెడతాడు, తర్వాత చీవాట్లు పెడతాడు.

"ఎండల నుంచి రాంగనే చార్జింగు పెడ్తవా? జెర సల్లారనియ్యవా దాన్ని? టైర్లల్ల గాలి లేదు, బ్యాటరీని తిడ్తున్నవ్!"

వచ్చిన సైకిళ్లలో సగం గాలి కొడితేనే బాగవుతాయి. మిగతా సగాన్ని ఆయన విప్పుతాడు. విప్పిన నట్లన్నీ ఎక్కడ దాస్తాడో రుక్మిణికి ఓసారి పప్పు తాలింపు పెడుతుంటే తెలిసింది. పోపుడబ్బాలో ఆవాల గిన్నె నిండా అవే.

"మీ తాత దొరలెక్క గుర్రమెక్కి ఊర్లు తిరిగెటోడట. మీరేమో వరండల కూసొని చైన్లకు నూనె రాస్తున్నరు" అందామె ఆ రోజు.

"గుర్రానికి చైన్ లేదు గద రుక్కూ. ఉంటే మా తాతగూడ రాసెటోడే."

బాగుచేయడం వరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతే. ప్రభాకర్ రావు బక్కపలచని మనిషి, యాభై ఎనిమిది కిలోలు. సైకిలు గలవాళ్లు అంతకన్నా బరువైతే, ఆ తేడాకు సరిపడా బియ్యం తూచి, సంచిలో పోసి, వెనక కట్టుకుని గాని ట్రయల్‌కు బయల్దేరడు. వంటకు వేళై రుక్మిణి బియ్యం డబ్బా తీస్తే అడుగు కనిపిస్తుంది.

"సమ్మవ్వా, బియ్యమేవి?"

"సారుతోటి ట్రయల్‌కు పోయినయమ్మా" అంటుంది గిన్నెలు తోముతూ సమ్మవ్వ, కూరగాయల వాళ్లొచ్చి వెళ్లారన్నంత మామూలుగా.

మరి బరువు తెలియాలంటే అడగాలి కదా. బడి పెద్ద టీచరు స్వర్ణలత సైకిలు తెచ్చినప్పుడు వరండాలో ఆరుగురున్నారు.

"మేడం, మీ బరువెంత?"

ఆరుగురూ సైకిళ్ల చువ్వలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మేడం గొంతు సవరించుకుని "అరవై రెండు" అంది. ఆయన నాలుగు కిలోల బియ్యం కట్టుకుని తిరిగొచ్చి, భేషుగ్గా ఉందని అప్పగించాడు. మర్నాడే అది బడి ముందర ఎత్తు మీద ఆగిపోయింది. ప్రభాకర్ రావు సరాసరి స్టాఫ్‌రూములోకి నడిచాడు.

"మేడం, మీరు చెప్పిన అంకె తప్పు. మనుషులు అబద్ధం చెప్తరు గని, బ్యాటరీ చెప్పది."

రుక్మిణి మూడు నెలలు ఆ వీధి మొహం చూడలేదు. అసలు అంకెను మేడం చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, సమ్మవ్వ చేత పంపింది. దాన్నిబట్టి ఆయన బ్యాటరీ మార్చాడు, సీటు కింద గట్టి స్ప్రింగులు వేశాడు. ఆ అంకె ఏమిటో రుక్మిణికి కూడా చెప్పలేదు.

ఓసారి సిరిసిల్లలో రుక్మిణి అన్న మనోహర్ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లారు. అన్నం వడ్డిస్తుండగా ప్రభాకర్ రావు బావమరిది సైకిలు బ్రేకు బిగించి, రెండు నిమిషాలని తంగళ్ళపల్లి వైపు వెళ్లాడు. రుక్మిణి ఆఖరి బస్సుకు ఒక్కతే కోరుట్ల చేరింది. ఆయన మర్నాడు దిగాడు, చాలా హుషారుగా.

అలాంటి వరండాకు ఒకరోజు సుస్మిత సైకిలు నెట్టుకుంటూ వచ్చింది. రాయికల్ రోడ్డులో ఓ పల్లె ఆమెది. భర్త జగదీశ్ మస్కట్‌లో ఉంటాడు. ఆమె బీడీలు చేస్తుంది. తనవీ, పక్కిళ్ల ముగ్గురివీ కోరుట్ల కార్ఖానాలో అప్పజెప్పి, అందరికీ ఆకూ తంబాకూ మోసుకెళ్తుంది. సైకిలు దారిలో ఆగిపోయి రెండుసార్లు కార్ఖానా మూసేశాక చేరింది. నలుగురి కష్టం వెనక్కి మోసుకెళ్లింది.

"దుకాణంల సూపెట్టిన సార్. బండి మంచిగనే ఉన్నది, నీకే నడప రాదన్నరు. ఇంట్ల గూడ గదే మాట. అమ్మేస్త సార్."

"అమ్ముడు తర్వాత. ఏడ ఆగుతది?"

"వాగు దాటినంక గడ్డ ఎక్కంగ."

"ఎన్ని గంటలకు? మూట బరువెంత? నీ బరువెంత?"

అన్నీ రాసుకున్నాడు. మీటరు పెడితే బ్యాటరీ నిండుగా చూపించింది. వైర్లు బాగున్నాయి, మోటారు బాగుంది. ఆయన మొహం మాత్రం బాగా లేదు.

మర్నాడే జగిత్యాలలో మనోహర్ కొడుకు సాకేత్ రావు గృహప్రవేశం. మేనత్తగా పాలు పొంగించాల్సింది రుక్మిణి. ముహూర్తం పన్నెండు యాభైకి. పొద్దున తొమ్మిదిన్నరకు పట్టుపంచె కట్టుకున్న ప్రభాకర్ రావు, ఆమె జడ వేసుకుంటుండగా వరండాలోంచి కేకేశాడు.

"రుక్కూ, రెండు నిమిషాలే!"

ఆమె దువ్వెనతోనే పరిగెత్తుకొచ్చింది. సైకిలూ లేదు, బియ్యమూ లేదు. ఫోను చేస్తే అది టీవీ మీద మోగింది.

పదిన్నరకు ఆ ఫోను చేతిలో పట్టుకుని ఆమె జలపతి ఆటో ఎక్కింది. "రాయికల్ రోడ్డుకు పోనియ్యి. దొరకనియ్యి జెప్త." ఏమేం తిట్టాలో వరుసగా పేర్చుకుంటూ కూర్చుంది.

ఊరు దాటాక ముత్తవ్వ చాయ్ హోటల్ దగ్గర ఆటో ఆగింది.

"అవ్వా, సైకిల్ మీద ఒకాయన పోయిండా?"

"పట్టుపంచెల, బియ్యం మూటేసుకొనా? పోయిండు. నువ్వు రుక్మిణమ్మవా ఏంది?"

"నా పేరు నీకెట్ల ఎరుక?"

ముత్తవ్వ గోడ వైపు చెయ్యి చూపింది. అక్కడ కొత్త ప్లగ్గు, వాన పడకుండా పైన రేకు ముక్క, పక్కన ఒక స్టూలు. "నువ్వే చెప్పి పంపినవట గదమ్మా, బండ్లు ఆగిపోయి ఆడపిల్లలు తొవ్వల పరేషాన్ అయితున్నరు, జెర చార్జింగు పెట్టుకోనియ్యుమని. సారు నాలుగుసార్లు అచ్చిండు. నువ్వడిగినంక కాదని ఎట్లంట?"

రుక్మిణి ఆటో ఎక్కింది. రెండు మైళ్ల అవతల పంక్చరు షాపు గోడకూ అదే ప్లగ్గు, అదే రేకు. అక్కడా ఆమె పేరే చెప్పారు.

"మెట్‌పల్లి రోడ్డుల గూడ ఉన్నయమ్మా" అన్నాడు జలపతి. "అన్నీ నీ పేరు మీదనే. నీకు ఎరుకలేదా?"

ఏ పూటకు ఆ పూట అన్నం మూతపెట్టుకుంటూ తను కూర్చున్న మధ్యాహ్నాలు రుక్మిణికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పేర్చుకున్న తిట్లలో మొదటిది ఏమిటో మరిచిపోయింది.

వాగు దాటి గడ్డ ఎక్కుతుంటే ఆయన కనిపించాడు. మైలురాయి మీద కూర్చుని ఉన్నాడు. పట్టుపంచె మోకాళ్ల దాకా మట్టి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"రుక్కూ! ఆగింది! ఆ పిల్ల చెప్పిన కాడనే ఆగింది! బ్యాటరీల ఒక వరుస సెల్లు బలం తప్పినయ్. దుకాణం ముంగట ఉత్తగ తిప్పితె ఏం తెల్వది. మూటేసి గడ్డ ఎక్కిస్తె దొంగ దొరికిండు!"

టీవీ మీద మరిచిన తన ఫోనును ఆమె చేతిలోంచి లాక్కుని అప్పుడే సుస్మితకు చేశాడు. "బిడ్డా, నువ్వు నడిపేదాంట్ల తప్పు లేదు. బ్యాటరీదే తప్పు. నేను మారుస్త. స్పీకర్ పెట్టి ఇంట్ల అందరికి ఇనిపియ్యి, మల్ల చెప్త."

 అవతలి నుంచి "అత్తమ్మా, జెర ఇటు రా!" అన్న కేక ఆటో దాకా వినిపించింది. ప్రభాకర్ రావు మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి సెల్లు, వరుసలతో సహా.

ఆయన ఫోను పెట్టేశాక రుక్మిణి అడిగింది. "అందరికి నా పేరెందుకు చెప్పిండ్రు?"

ఆయన బియ్యం సంచి విప్పుతూ తలెత్తలేదు. "నేనడిగితే దొర అడిగిండు అనుకుంటరు. కొందరు భయంతోటి సరే అంటరు, కొందరు మొఖం తిప్పుకుంటరు. నీ పేరు జెప్తే కూసోబెట్టి చాయ్ పోస్తున్నరు."

సైకిలును ఆటో వెనక కట్టి, బియ్యం ఒళ్లో పెట్టుకుని జగిత్యాల వైపు బయల్దేరారు. గడ్డ మీద ఒంటరిగా ఒక పెంకుటిల్లు వచ్చింది.

"గీ ఇంట్ల మూడుసార్లు అడిగిన. ఒప్పుకోలె" అన్నాడాయన.

"జలపతీ, ఆపు."

"రుక్కూ, ముహూర్తం..."

"మీరు కూసోండ్రి."

వాకిట్లో ఎల్లవ్వ అనే పెద్దామె పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. రుక్మిణి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆమె పక్కన కూర్చుని తనూ కొమ్ములు పరిచింది. రెండు మాటల్లో సంగతి చెప్పింది.

"గింతేనా?" అంది ఎల్లవ్వ. "గాయన అచ్చి వోల్టులు, యాంపులు అని అర్ధగంట చెప్పె. ఇల్లు కాలిపోతదేమోనని నాకు భయమైంది. ఆడపిల్లలు జెరసేపు కూసొని పోతరంటే నేనెందుకు వద్దంట? నాకు గూడ మాటకు మనిషి దొరుకుతది."

రుక్మిణి ఆటో వైపు తిరిగి కేకేసింది. "ఏమండీ, సామాను పట్టుకొని రాండ్రి!"

ఆయన పట్టుపంచె మడతలోంచి స్క్రూడ్రైవరు తీస్తూ పరుగులాంటి నడకతో వచ్చాడు.

బ్యాటరీలో ఆ వరుస మార్చడానికి వారం పట్టింది. ఇప్పుడు సుస్మిత పది కొట్టకముందే కార్ఖానా గేటు ముందు ఉంటోంది. గృహప్రవేశం రోజు మాత్రం వాళ్లు జగిత్యాల చేరేసరికి ముహూర్తానికి నాలుగు నిమిషాలే మిగిలాయి. రుక్మిణి పసుపు అంటిన చేతులతోనే గిన్నెలో పాలు పోసింది, అవి నిండుగా పొంగాయి.

"ఏందత్తా, గింత ఆలస్యం? మామ మల్ల యేడికన్న పోయిండా?" అడిగాడు సాకేత్ రావు.

"మామ కాదురా. తొవ్వల నాకే జెర పనుండె" అంది రుక్మిణి, పొయ్యి తగ్గిస్తూ.

ప్రభాకర్ రావు గోడకున్న కొత్త స్విచ్‌బోర్డును శ్రద్ధగా పరిశీలిస్తున్నట్టు అటు తిరిగి, మనసారా నవ్వుకున్నాడు.