పరస్కా ముడి

ఆ పొద్దున ఎల్సీ బట్టలారబెట్టే డ్రయ్యరును తిట్టినన్ని తిట్లు, కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారిని కూడా తిట్టుకోలేదు. తిరిగి తిరిగి సగంలో ఆగిపోతుంది. ముందు పలక మీద ఎర్ర దీపం మిణుకుమంటుంది. డ్రయ్యరుతో పాటు ఇచ్చిన పుస్తకం తీస్తే ‘వేడి కొలిచే సెన్సారు చూసుకోండి’ అని ఒక్క ముక్క. చూసుకోక ఏం చేసింది? పోయిన వారమే కొత్త సెన్సారు తెప్పించి, వెనక రేకు విప్పి, తన చేత్తో తనే బిగించింది. అయినా మళ్లీ అదే దీపం. తెల్లారితే జనవరి ఆరు, పాత పంచాంగం పాటించే ఆ ఇంటివాళ్ల క్రిస్మస్ విందు. బల్ల మీద పరిచే కుట్టుపని గుడ్డలేమో బుట్టలో తడి ఓడుతున్నాయి.

విందుకు ఎడ్మంటన్ నుంచి ఆడపడుచు స్టెఫ్కా వస్తోంది. చేపల కూర కోసమో క్యాబేజీ చుట్టల కోసమో కాదు, తల్లి పరస్కా సంగతి తేల్చడానికి. ఎనభై అయిదేళ్ల పరస్కాకు ఈమధ్య మతిమరుపు ముదిరింది. పంట కోతలప్పుడు పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడి బొగ్గయింది. పొయ్యి జోలికి వెళ్లొద్దన్నారు. ఆ తర్వాత కోళ్ల గూడు తలుపు వేయడం మరిచిపోయింది, నక్కకు పెళ్లి భోజనమైంది. ఆ పనీ మాన్పించారు. అప్పుడే స్టెఫ్కా ఫోనులో తెగేసి చెప్పింది.

“వదినా, ఇంకొక్కటి జరిగిందంటే అమ్మను దౌఫిన్ పట్నం వృద్ధాశ్రమంలో చేర్పించాల్సిందే. ప్రాణాల మీదికి వచ్చేదాకా చూస్తూ కూర్చుంటామా?”

ఎల్సీ భర్త ఓరెస్ట్ మెత్తని మనిషి, సరేనన్నాడు. ఎల్సీ కూడా సరేనంది. అన్నప్పట్నుంచి అన్నం సయించడం లేదు.

ముసలావిడకు ఇక ఆ ఇంట్లో మిగిలిన పని ఒక్కటే, డ్రయ్యరు గొట్టానికి మేజోడు తొడగడం. ఈ మేజోడు కథ చెప్పకపోతే పరస్కా గురించి ఏమీ చెప్పనట్టే.

ఎల్సీ దౌఫిన్‌లో రేడియోలు బాగుచేసే మనిషి కూతురు. పెళ్లయి ఈ పొలం ఇంటికొచ్చిన మొదటి చలికాలం, అత్త ఆమె చేత బట్టలన్నీ బయట తాడు మీద ఆరవేయించింది. మామగారి ఉన్ని లాగులు గడ్డకట్టి చెక్కల్లా బిగుసుకుపోయాయి. చంకన పెట్టుకుని తెస్తుంటే ఒకటి గుమ్మానికి తగిలి ఫెళ్లుమంది.

“అయ్యో అత్తయ్యా, మావయ్య కాలు విరిచేశాను!” అని ఎల్సీ ఏడుపు మొహం పెట్టింది.

పరస్కా నవ్వాపుకోలేక ఆ మంచులోనే చతికిలబడింది. “విరిస్తే విరిచావులే, నాట్యానికి పోయే కాలా అది?” అంది. అత్తాకోడళ్లు కలిసి నవ్వింది అదే మొదలు. వేళ్లు పగిలి నెత్తురు చిమ్మిన రోజులే అయినా, తలుచుకుంటే ఎల్సీకి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

పిల్లలు పుట్టాక ఓరెస్ట్ డ్రయ్యరు కొన్నాడు. పరస్కా అగ్గిమీద గుగ్గిలమైంది. “సూర్యుడు చచ్చాడా? గాలి చచ్చిందా?” అని కొన్నాళ్లు దాని మొహం చూడలేదు. తర్వాత ఒకనాడు పాలు పితికి వస్తూ, గోడ బయట గొట్టంలోంచి భుగభుగమని పోతున్న వేడి ఆవిరి చూసింది.

“ఏమే పట్నందానా! ఊరినంతా వెచ్చబెడుతున్నావా? మంచుకేమైనా జలుబు చేసిందా?”

అంతే, గొట్టాన్ని ఊడబీకి ఇంట్లోకి తిప్పింది. మూతికి తన పాత నైలాను మేజోడు తొడిగి బిగించి ముడి వేసింది. బట్టల నూగు మేజోట్లో ఆగింది, వెచ్చని గాలి ఇంట్లోకి వచ్చింది. కరెంటు డ్రయ్యరు కాబట్టి సరిపోయింది. గ్యాసుదైతే ఆ విషపు పొగకు అందరూ ఏనాడో పైకి పోయేవారు. అప్పట్నుంచి చలికాలమంతా, బట్టలు వేసిన ప్రతిసారీ పాత మేజోడు విప్పి, నూగు దులిపి, ఉతికింది తొడగడం పరస్కా పని. ఆ మూలన ముక్కాలిపీట వేసుకుని రాణిలా కూర్చునేది. పిల్లలు బడి నుంచి రాగానే బూట్లు విసిరేసి ఆ గాలికి కాళ్లు చాపేవాళ్లు. నాయనమ్మ పొద్దుతిరుగుడు గింజలు ఒలిచి ఒక్కొక్కరి నోట్లో వేసేది. కిటికీల నిండా మంచు పూలు, ఇంటి నిండా సబ్బు వాసన. ఆ రోజులు మళ్లీ రమ్మంటే వస్తాయా?

ఎల్సీ ఆ ధ్యాసలోనే ఉండగా ఓరెస్ట్ కాఫీ కప్పుతో వచ్చి డ్రయ్యరు ముందు నిలబడ్డాడు.

“ఆ సెన్సారును తప్పించేయరాదూ? పీడా వదిలిపోతుంది. రేపటికి గుడ్డలారితే చాలు.”

“ఆహా, ఏం తెలివి! కొరివితో తల గోక్కోమంటావా? పో, పోయి ఆవులకు మేత వెయ్యి.”

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఎల్సీ ప్లగ్గు పీకి, రేకు విప్పి, సెన్సారు ఊడదీసింది. తండ్రి వదిలిపోయిన పాత మీటరు తీగలు దానికి ఆనించింది. చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది. సెన్సారును పిడికిట్లో బిగించి కాసేపు వెచ్చబెట్టి మళ్లీ చూసింది. వేడికి ఎటు జరగాలో అటే జరిగింది. పారేయకుండా దాచిన పాత దాన్నీ అలాగే చూసింది. అదీ శుభ్రంగా ఉంది. ఇన్నాళ్లూ ఆడలేక మద్దెల ఓడన్నట్టు దాన్ని ఆడిపోసుకుంది. పాపం, అది నిజమే చెబుతోంది. డ్రయ్యరు లోపల నిజంగానే వేడి మించిపోతోంది.

వేడి మించిందంటే గాలి బయటికి పోవడం లేదన్నమాట. లోపల నూగు పట్టే జల్లెడ చూస్తే శుభ్రంగా ఉంది. అన్నీ మళ్లీ బిగించి, డ్రయ్యరు నడిపి, మూలకు వెళ్లి మేజోడు ముందు అరచెయ్యి పెట్టింది. ఊపిరంత గాలి కూడా తగల్లేదు.

ముప్పై ఏళ్లలో ఎల్సీ ఆ ముడి మీద చెయ్యి వేసింది లేదు. అది అత్తగారి పని, అందులో వంక ఉంటుందని ఎవరికీ తోచదు. వెంటనే డ్రయ్యరు ఆపి, గోళ్లతో ముడి లాగి విప్పింది. పై మేజోడు తెల్లగా మల్లెపువ్వులా ఉంది. దాని కింద ఇంకో మేజోడు. దాని కింద ఇంకోటి. అన్నిటికన్నా లోపలిది నూగుతో దిండులా బిగిసి, గొట్టం వైపు కమిలి గోధుమరంగు తిరిగింది.

ఎల్సీ ముక్కాలిపీట మీద కూలబడింది. తొడగడం అత్తకు గుర్తుంది. విప్పడం గుర్తులేదు. సగం పని చేతుల్లో మిగిలింది, సగం ఎటో పోయింది. స్టెఫ్కా అన్న ఆ ‘ఇంకొక్కటి’ ఇదే. ఒళ్లో మేజోళ్లు పెట్టుకుని ఎల్సీ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుపు విని పరస్కా కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

“ఏమైందే? ఎవరు పోయారు?”

ఎల్సీ మేజోళ్లు వెనక దాచబోయింది. ముసలావిడ ఊరుకుంటుందా? లాక్కుంది. ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

“ఎవరు కట్టారివి?”

“నేనే అత్తయ్యా. పండగ తొందరలో పాతవి తీయడం మరిచిపోయాను.”

పరస్కా ముడిపడ్డ చోట నలిగిన గుడ్డను వేళ్లతో తడిమింది.

“అబద్ధం ఆడినా అతికినట్టుండాలే. నీ ముడి ఏనాడు నిలిచింది గనక? నీ లంగా బొందు కూడా నిలవదు. ఇది నా ముడి.” కమిలిన చోట వేలు పెట్టింది. “ఇల్లు అంటుకునేదా?”

ఎల్సీ ఆ మేజోడు తిరిగి లాక్కోబోయింది. ఆవిడ కర్రతో నేల మీద కొట్టింది.

“అడుగుతుంటే చెప్పవేం?”

“అంటుకునేదే అత్తయ్యా. డ్రయ్యరు ఆగిపోబట్టి సరిపోయింది.”

పరస్కా మేజోళ్లను పీట పక్కన పడేసింది. “స్టెఫ్కాకు నేనే చెబుతాను. నువ్వు చెబితే కోడలు గెంటేసిందంటారు. ఒక పెట్టె సర్దు.”

“ఏం సర్దక్కర్లేదు,” ఎల్సీకి ఉక్రోషం తన్నుకొచ్చింది. “చెప్పండి, ఉన్నదున్నట్టు చెప్పండి. నేనూ చెబుతాను, మీరు ఇక్కడే ఉంటారని. మీరు పోతే ఈ ఇంట్లో నన్ను తిట్టేదెవరు? ఓరెస్టా? ఆయనకు ఆవును అదిలించడమే రాదు!”

పరస్కా నవ్వలేదు. కొంగులా కప్పుకున్న శాలువాతో కళ్లు తుడుచుకుంది.

“సరే. అయితే ఒక మాట. నా పని నువ్వు చెయ్యకు. నేను చేస్తుంటే పక్కన నిలబడు. చెయ్యి మాత్రం పెట్టకు.”

“పెట్టను.”

ఎల్సీ లేచి చోటివ్వగానే పరస్కా పీట మీద సర్దుకుని కూర్చుంది. గొట్టం మూతిలో నూగంతా వేలితో తీసింది. ఉతికిన మేజోడొకటి తొడిగి ముడి బిగించింది. ముడి ఎప్పటిలాగే గట్టిగా పడింది. ఎల్సీ తడి గుడ్డలు డ్రయ్యరులో వేసి, మీట మీద చెయ్యి పెట్టింది.

“ఆగు. పాతది తీశానా?”

“తీశారత్తయ్యా.”

డ్రయ్యరు కదిలింది. మేజోడు నిండుగా ఉబ్బి, వెచ్చని గాలి ఇద్దరి మొహాలకూ తగిలింది. పరస్కా కళ్లు మూసుకుని కాసేపు ఆ గాలికి చేతులు చాపింది. ఉన్నట్టుండి కళ్లు తెరిచి కోడలి మోచెయ్యి పట్టుకుంది.

“ఏమే, పాతది తీశానా?”

“తీశారత్తయ్యా,” అంది ఎల్సీ.